స్టార్లింగ్‌కి పాట నేర్పిందెవరు

ఆబ్నర్ రేబర్ ఫలానా పిట్టను చూశానన్నాడంటే హోమ్స్ కౌంటీలో ఇక దానికి తిరుగు లేదు. బగ్గీ గుర్రాలకు కళ్లేలు, తోలు పట్టీలు కుట్టడం ఆయన వృత్తి, పిట్టలంటే ఆయనకు ప్రాణం. దుకాణంలో కుట్టుబల్లను కిటికీకి ఎదురుగా వేసుకున్నాడు. వచ్చిన గిరాకీతో నోరు మాట్లాడుతుంటే, కళ్లు మాత్రం బయట మేపిల్ కొమ్మల మీదే ఉంటాయి. పట్టీ ఎప్పుడైనా ఒక అంగుళం పొట్టిదయ్యిందేమో గానీ, ఆ కిటికీ ముందు నుంచి ఏ పిట్టా పేరు చెప్పించుకోకుండా దాటిపోలేదు.

మా వాళ్లలో ఈ పిచ్చి ఉన్నది ఆయనొక్కడికే కాదు లెండి. మా మతం ఒప్పుకోదు కాబట్టి మేం కార్లు కొనం, టీవీ పెట్టుకోం, కరెంటు తీగను గడప దాటనివ్వం. పొద్దంతా పొలంలో ఒళ్లు హూనం చేసుకున్నాక మనిషికి ఏదో ఒక సరదా కావాలి కదా. సాయంత్రం కాగానే టోపీ నెత్తిన పెట్టి, బైనాక్యులర్ మెడలో వేసుకుని, సైకిలెక్కి వాగు గట్ల వెంట పోతారు. ఇంట్లో ఫోన్ ఉండకూడదు కాబట్టి దారి మలుపులో నలుగురిళ్లకూ కలిపి ఒక చెక్క గది, అందులో ఒక ఫోను. విశేషమైన పిట్ట ఏదైనా కనబడితే రాత్రి భోజనమయ్యేలోగా వెళ్లి, అందరికీ తెలిసిన ఒక నంబరుకు తన గొంతుతో తానే చెప్పి రికార్డు చెయ్యాలి. తక్కినవాళ్లు ఎవరి గదిలోంచి వాళ్లు ఆ నంబరు తిప్పి వింటారు. దాన్నే పిట్టల లైను అంటాం.

ఆ లైనుకు రెండే కట్టుబాట్లు. నీ కళ్లతో చూసిందో, నీ చెవులతో విన్నదో అయితేనే చెప్పాలి. పక్కవాడు చూశాడని నువ్వు చెప్పకూడదు. చెప్పింది తప్పని తేలితే, చెప్పినవాడే మళ్లీ వెళ్లి, అదే నోటితో, అది తప్పని చెప్పుకోవాలి. ఈ రెండోదానికి మనుషులు ఎంత హడలిపోతారంటే, అనుమానమున్న పిట్టను చూసి కూడా చూడనట్టు ఇంటికెళ్లిపోయిన వాళ్లు ఉన్నారు.

ఆబ్నర్‌కు ఆ భయం ఎన్నడూ లేదు, ఎందుకంటే ఆయన ఎన్నడూ తప్పు చెప్పలేదు. పైగా ఇతరుల మాటను ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునేవాడూ కాదు. ఎవరైనా ఉత్సాహంగా వచ్చి చెప్పబోతే, సూది పక్కన పెట్టి, "చూశావా, చూశాననుకున్నావా?" అని మొదలెట్టేవాడు. రెక్క మీద చార ఉందా, తోక చివర పలకగా ఉందా గుండ్రంగా ఉందా, కాళ్ల రంగేమిటి, ఎండ ఎటు నుంచి పడుతోంది. మా బడి పంతులమ్మ రోడా కైమ్ కొత్తలో ఒక డేగ సంగతి చెప్పబోయి, ఆ ప్రశ్నలకు తట్టుకోలేక, చివరికి తాను చూసింది కాకేమోనని తానే ఒప్పుకుని ఇంటికి పోయింది. తరవాత ఆ పంతంతోనే జీతంలో కూడబెట్టి మూడు కాళ్ల టెలిస్కోపు ఒకటి కొనుక్కుంది.

అలాంటి ఆబ్నర్‌కు జూన్ నెలలో ఒక పొద్దుట, తోలుకు కన్నాలు పొడుస్తుండగా, కిటికీ బయట నుంచి ఒక ఈల వినబడింది. మొదట చిన్నగా ఒక స్వరం, వెంటనే పైకి ఎగిసే ఇంకో స్వరం. బాబ్... వైట్. ఆయన చేతిలోని ఆర కింద పడిపోయింది.

ఆ ఈల బాబ్‌వైట్ కౌజుది. గుప్పెడంత పిట్ట, తన పేరు తానే పిలుచుకుంటూ తిరుగుతుంది. ఆబ్నర్ చిన్నప్పుడు ఈ లోయలో ప్రతి కంచె పక్కనా ఆ పిలుపు ఉండేది. తాతతో పాటు పాలు పిండుతూ దానికి ఈలతో బదులిచ్చేవాడు. తరవాత జనం కంచెల పక్కన పొదలు నరికి శుభ్రం చేశారు, ఒక భయంకరమైన చలికాలం మిగిలినవాటిని తీసుకుపోయింది, లోయ మూగబోయింది. యాభై దాటిన మనిషికి ఆ ఈల చెవిన పడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. భోజనం దాకా కూడా ఆగలేదు. ఏప్రాన్ విప్పకుండానే ఫోను గదికి పరుగెత్తాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఆబ్నర్ దుకాణం ముందు తిరనాళ్లే. సైకిళ్లు కంచెకు ఆనించారు, బగ్గీలు దారికి ఒక పక్కగా నిలిపారు. ఇంగ్లీషు వాళ్లు కూడా కార్లేసుకుని వచ్చారు. మా వాళ్లు కానివాళ్లందరూ మాకు ఇంగ్లీషు వాళ్లే. దారికి అవతల ఉన్నది ఆబ్నర్ బావ రోమన్ ష్లాబాక్ పొలం. రోమన్ పాలడబ్బాలు మోసుకుపోతూ ఆగి, తన జన్మలో ఇంతమంది పెద్దమనుషులు ఒక పిట్ట కూత కోసం పని మానుకుని నిలబడటం చూడలేదని, వీళ్లకు బువ్వ ఎలా దొరుకుతోందో అర్థం కావడం లేదని, అందరికీ వినబడేలా తన కుక్కకు చెప్పాడు.

ఇంతలో ఈల వినబడింది. టోపీలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఆబ్నర్ మొహం వెలిగిపోయింది. రోడా మాత్రం పొలం వైపు కాక, ఆబ్నర్ కొట్టం కప్పు మీదికి టెలిస్కోపు తిప్పింది. చాలాసేపు చూసింది. తరవాత పక్కకు జరిగి, ఆబ్నర్‌ను వచ్చి చూడమని సైగ చేసింది. పాపం, ఆ పిల్ల మొహంలో సంతోషం కూడా లేదు.

కప్పు అంచు మీద ఒక స్టార్లింగ్ కూచుని ఉంది. గోరింకకు దగ్గర చుట్టం, దానిలాగే ఇది కూడా ఎవరి గొంతునైనా ఎత్తుకొస్తుంది. గొంతు కింది ఈకలు నిక్కబొడుచుకుని, ముక్కు తెరిచి, అందరి ముందూ నిక్షేపంగా బాబ్‌వైట్ అంది. తరవాత నూనె లేని గేటులా కిర్రుమంది. అక్కడితో ఆగినా పోయేది. రోమన్ తన కుక్కను పిలిచే ఈల ఒకటుంది, రెండు పొడుగు, ఒకటి పొట్టి. స్టార్లింగ్ అదీ వేసింది. రోమన్ కాళ్ల దగ్గరే ఉన్న కుక్క లేచి, కొట్టం వైపు పరుగు తీసింది.

నవ్వారు, నవ్వరా మరి. కంచె పట్టుకుని నవ్వారు, బగ్గీ చక్రాలకు ఆనుకుని నవ్వారు. ఇంగ్లీషు వాళ్లలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రోమన్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆబ్నర్ చెవులు ఎర్రబడ్డాయి. దుకాణంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

కానీ లోపల కూచుని ఆయన ఏడుస్తూ ఉన్నాడనుకునేరు. అవమానం అవమానమే. అయినా బుర్ర వేరే పని చేస్తోంది. ఆ స్టార్లింగ్ గూడు తన కొట్టం చూరులోనే ఉంది. వసంతం నుంచీ అది ఈ నాలుగు పొలాలు దాటి పోలేదు. రోమన్ ఈల దానికి వచ్చింది, ఎందుకంటే రోమన్ రోజూ దాని ముందు ఈల వేస్తాడు. గేటు కిర్రు వచ్చింది, ఎందుకంటే గేటు రోజూ కిర్రుమంటుంది. మరి బాబ్‌వైట్ ఎలా వచ్చింది? తన కిటికీ దాకా వినబడనంత దూరంలో, దాని ముందు రోజూ ఎవరు పాడుతున్నారు?

ఆ సాయంత్రం కట్టుబాటు ప్రకారం ఫోను గదికి వెళ్లి, తాను చెప్పింది తప్పని, విన్నది స్టార్లింగ్‌నని చెప్పాడు. అక్కడితో ఫోను పెట్టేస్తే బాగుండేది. పెట్టలేదు. "స్టార్లింగ్ సొంతంగా పాట కట్టదు. దానికి ఎవరో నేర్పారు. ఆ నేర్పినవాళ్లు ఇక్కడే ఎక్కడో ఉన్నారు" అని కూడా చేర్చాడు.

దాంతో కౌంటీ అంతా గుప్పుమంది. ఓడిపోయినవాడు ఒప్పుకుంటే జనం జాలిపడతారు, కానీ ఈయన కింద పడ్డా పైచేయి తనదే అంటున్నాడని చెవులు కొరుక్కున్నారు. కళ్లేలు బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు, స్టార్లింగ్ గురువుగారు దొరికారా అని అడిగి పోయేవారు. రోడా ఒక్కతే కాస్త సీరియస్‌గా మాట్లాడింది. ఎవరో పంజరంలో పెంచుతున్న కౌజు దగ్గర నేర్చుకుని ఉండొచ్చు కదా అంది. ఉండొచ్చని ఆబ్నర్ ఒప్పుకున్నాడు. కానీ చుట్టుపక్కల పంజరాలున్న ఇళ్లన్నీ వాకబు చేసి వచ్చానని, ఎవరి దగ్గరా కౌజు లేదని చెప్పాడు.

మిగిలింది రోమన్ పొలం. కిందటేడు రోమన్ నడుం పట్టేసి మంచానపడ్డాడు. వాగు ఒడ్డు పొదలు నరకలేదు. ముళ్ల తీగలు అల్లుకుని, వాటి పక్కన గడ్డి చేను మోకాలు దాటి పెరిగింది. కౌజు తిరిగొస్తే, గూడు పెట్టుకుంటే, సరిగ్గా ఆ గడ్డిలోనే పెడుతుంది. అది గుడ్ల మీద కూచుందంటే పిడుగు పడ్డా లేవదు. కోత బండి కత్తి వచ్చినా లేవదు. రోమన్ సోమవారం గడ్డి కోస్తానని ఊరంతా చెప్పి ఉన్నాడు. ఇదీ ఆబ్నర్‌కు నిద్ర పట్టనివ్వని సంగతి. తన మాట పోయింది, పోనీ. ఇన్నేళ్లకు తిరిగొచ్చిన ఒక్క పిట్ట, తన కళ్ల ముందే కత్తికి పోతుందేమో.

ఆదివారం ఆరాధన మాకు వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో జరుగుతుంది, ఆ వారం వంతు రోమన్ ఇంటిదే. అయ్యాక మగవాళ్లంతా కొట్టం నీడలో బెంచీల మీద రొట్టెలు తింటూ కూచున్నారు. ఆబ్నర్ వెళ్లి బావ పక్కన కూచుని, నెమ్మదిగా, కోత రెండు వారాలు ఆపమని అడిగాడు.

రోమన్ ముందు రొట్టె నమిలి మింగాడు. బుధవారానికి వాన ఉందని, గడ్డి ముదిరితే పశువులు ముట్టవని, చలికాలంలో తన ఆవులకు ఆబ్నర్ వచ్చి పిట్టల కబుర్లు మేపుతాడా అని అడిగాడు. అందులో తప్పేముంది, రైతు అడగాల్సిన మాటే. అప్పుడు రోమన్ గడ్డం దువ్వుకుంటూ, అందరూ వినేలా, "ఒరే బామ్మర్దీ, ఒక పని చెయ్. నా గుర్రాల ముందు నువ్వు నడు. చేను మొత్తం. పిట్ట కనబడితే చెప్పు, ఆపేస్తా. కనబడకపోతే మాత్రం ఈ జన్మలో నా దగ్గర పిట్ట మాట ఎత్తకూడదు" అన్నాడు.

"సరే బావా" అన్నాడు ఆబ్నర్.

బెంచీల మీద అందరూ ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న లవీనా, ఆబ్నర్‌కు అక్క, ఇద్దరికీ కలిపి ఉన్న బుర్ర ఒక్కటేనని, అది కూడా ఆదివారం సెలవు తీసుకుందని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం మంచు ఆరగానే రోమన్ మూడు భారీ బెల్జియన్ జాతి గుర్రాలను కోత బండికి కట్టాడు. ఆబ్నర్ మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని, చేత్తో ఒక కర్ర పట్టుకుని గడ్డిలోకి దిగాడు. కంచె మీద జనం కూచున్నారు. బడికి సెలవులు కాబట్టి రోడా కూడా వచ్చింది. కోత అంచుల నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుంది. ఆబ్నర్ కత్తికి ముందు నడుస్తూ, కర్రతో గడ్డిని పాయలు తీస్తూ, ఒక్కో కుదురూ వంగి చూస్తూ పోయాడు. వెనక నుంచి రోమన్, ఇదేం నడక, పెళ్లికూతురు నడకా, కాస్త చురుగ్గా కదలమని అరుస్తూనే ఉన్నాడు.

ఒక కుందేలు లేచి పరుగెత్తింది. పిచ్చుక జాతివేవో రెండు ఎగిరిపోయాయి. కంచె మీది వాళ్లు ప్రతిదానికీ, అదిగో గురువుగారు, అదిగో గురువుగారు అంటున్నారు. వాగు ఒడ్డు పక్కన ఆబ్నర్ మరీ నెమ్మదించాడు, ముళ్లకు చేతులు గీసుకుపోయాయి. అక్కడా ఏమీ లేదు. చుట్టు తరవాత చుట్టు, నిలబడి ఉన్న గడ్డి చిన్నదైపోతూ వచ్చింది. మధ్యాహ్నానికి చేను నడుమ ఒక పలచటి పట్టీ మిగిలింది. ఆబ్నర్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇప్పుడు ఆయనకు నవ్వుల మీద ధ్యాస లేదు. వెనక ఎక్కడైనా కత్తి ముందే పని కానిచ్చేసిందా, తాను చూడకుండా దాటేశానా అన్న భయం ఒక్కటే మిగిలింది.

ఆ పట్టీలో సగం దాకా వెళ్లాక వెనక కత్తి చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూశాడు. గడ్డి వైపున్న గుర్రం, డాలీ, ముందు కాలు ఎత్తి పట్టుకుని నిలబడింది. చెవులు ముందుకు పెట్టింది. రోమన్ పగ్గం ఆడించాడు, తిట్టాడు, బతిమాలాడు. అది ఆ కాలు కింద పెట్టలేదు. రోమన్ విసుక్కుంటూ బండి దిగి, గిట్టలో రాయి ఇరుక్కుందేమోనని వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఆబ్నర్" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. "కదలకు. అక్కడే ఉండు."

ఆబ్నర్ ఉన్నచోటనే రాయిలా నిలబడ్డాడు. బావ వంగి చూస్తున్నచోటు తాను ఇప్పుడే దాటి వచ్చిన చోటే. కర్రతో పాయ కూడా తీశాడు. బూటు పక్క నుంచే పోయి ఉంటుంది.

"ఏముంది బావా?"

"పిట్ట. గడ్డిలో గుడిసెలా కట్టుకుంది. లోపల కూచుని నన్ను చూస్తోంది. లేవటం లేదు."

ఆబ్నర్ పాత అలవాటు ఎక్కడికి పోతుంది. "గొంతు రంగేంటి? తెలుపా, పసుపా?"

"పసుపు. మజ్జిగ మీద తేలే వెన్న రంగు."

"కంటి మీద చార?"

"ఉంది, అదీ పసుపే. ఒళ్లంతా ఎండుటాకుల రంగు, పక్కల మీద గీతలు. గుడ్లు తెల్లగా ఉన్నాయి, మచ్చల్లేవు. రెండే కనబడుతున్నాయి, మిగతావి దాని కింద ఉన్నాయి." రోమన్ తల ఎత్తలేదు. "ఇంకా ఏం కావాల్రా నీకు? ఇక్కడికొచ్చి నువ్వే చూసుకో."

ఆబ్నర్ ఒక అడుగు వేశాడు. పసుపు గొంతంటే ఆడ కౌజు. తన చిన్నతనం ఎక్కడికి పోయిందో అక్కడి నుంచి తిరిగొచ్చి, నాలుగు బారల దూరంలో గుడ్ల మీద కూచుంది. అంతవరకూ అది డాలీకి బెదరలేదు, కత్తికి బెదరలేదు. కానీ ఒకసారి తన బూట్లు పక్క నుంచి వెళ్లాయి. మళ్లీ అవే బూట్లు, అదే కర్ర, ఎదురుగా వస్తే ఇక ఉండదేమో. లేచిపోతే, గుడ్లు చల్లారిపోతే. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

చూడాలని ఎంత ఉందంటే, దాహమేసినవాడికి నీళ్లంత ఉంది. అది ఆయన మొహంలో రోమన్‌కు కనబడింది కూడా.

ఆబ్నర్ కర్రను చప్పుడు కాకుండా గడ్డిలో పడుకోబెట్టాడు. వెనక్కి తిరిగి, పట్టీ అవతలి వైపు నుంచి, చుట్టూ దూరంగా నడుచుకుంటూ కంచె వైపు వెళ్లిపోయాడు.

"చూడకుండా పోతున్నావేంట్రా?" అన్నాడు రోమన్, గొంతు పెంచకుండానే.

"నువ్వు చూశావుగా. చాలు."

ఎవరి మాటనూ నాలుగు ప్రశ్నలు దాటకుండా నమ్మని మనిషి ఆ మాట అనడం మేం కంచె మీద నుంచి విన్నాం. ఒక్కళ్లం కూడా నవ్వలేదు. రోడా టెలిస్కోపు అప్పటికే పిట్ట వైపు తిప్పబోయి, మళ్లీ దాన్ని మడిచి భుజాన వేసుకుంది.

మూడు గుర్రాల బండిని వెనక్కి నడిపించడమంటే మాటలు కాదు. రోమన్ కత్తిని పైకెత్తి కట్టి, డాలీ మొహం దగ్గర నిలబడి, దాని చెవిలో ఏదో చెబుతూ, అడుగడుగూ వెనక్కి తీయించాడు. మిగిలిన పట్టీ మొత్తం అలాగే వదిలేశాడు. చేను నడుమ ముదిరే గడ్డిని చూసి రైతు కడుపు తరుక్కుపోకుండా ఉండదు. అయినా తిరిగి చూడకుండా బండి తోలుకొచ్చేశాడు. లవీనా పుల్లటి రూబార్బ్ కాడలు కూరి కాల్చిన తీపి రొట్టె తెచ్చి కంచె మీద పెట్టింది. పెద్ద ముక్క తమ్ముడికే వేసింది, మొగుడు అడిగినా ఇవ్వలేదు.

ఇక లైనులో ఎవరు చెప్పాలి? ఆబ్నర్ చెప్పకూడదు, ఆయన చూడలేదు. కట్టుబాటు కట్టుబాటే. రోమన్ తనకు ఇవన్నీ రావని, పశువుల పని ఉందని, రేపు చూద్దామని ఎన్ని సాకులు చెప్పినా లవీనా వినలేదు. చెయ్యి పట్టుకుని ఫోను గది దాకా నడిపించి, తలుపు బయట నిలబడింది. ఆ రాత్రి కౌంటీలో లైనుకు ఫోను చేసిన వాళ్లందరూ ఆయన గొంతు విన్నారు. నేనూ విన్నాను.

"నేను రోమన్ ష్లాబాక్‌ని. నాకు పిట్టల సంగతి తెలీదు. మా గడ్డిలో కౌజు గుడ్ల మీద కూచుంది. నా కళ్లతో చూశాను, గొంతు పసుపు. నేను దాన్ని కోసేసేవాణ్నే, ఆబ్నర్ మాట వినకపోతే. వాడు మాత్రం దాన్ని చూళ్లేదు. దగ్గరికొస్తే అది లేచిపోద్దని చూడకుండా వెనక్కి తిరిగి పోయాడు. పిల్లలు బయటికొచ్చేదాకా మీరూ అలాగే చెయ్యండి."

మర్నాటి నుంచి ఆ దారిన సైకిళ్లు మామూలుగానే వచ్చాయి. ఇంగ్లీషు వాళ్ల కార్లూ వచ్చాయి. అందరూ ఆబ్నర్ దుకాణం ముందు ఆగారు, టోపీ తీసి లోపలికి వచ్చారు, కిటికీకి వీపు పెట్టి బల్ల దగ్గర కాసేపు కూచున్నారు. ఆయన కలిపిచ్చిన కాఫీ తాగారు. తరవాత పొలం వైపు తల తిప్పకుండా, ఎవరి దారిన వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు.